క్యాన్సరు మందుకు ఇనుప బండి – ఎంత దూరం వచ్చింది?

ఈ మధ్య మా ఓ.పి.లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. “సిస్టరమ్మగారూ, ఇనప రజను లాంటి మందు నరంలోకి ఎక్కించి, పైనుంచి అయస్కాంతం పెడితే గడ్డ దగ్గరికే పోయి పనిచేస్తుందంటండి. జుట్టు ఊడదంట, వాంతులుండవంట. అదొచ్చేదాకా కీమో ఆపుకోమంటారా?” అడిగేవారిలో విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో కీమో చేయించుకుంటూ, మధ్యలో రక్తపరీక్షలకు, సెలైనుకు, జ్వరానికి మా దగ్గరకు వచ్చే కుటుంబాలే ఎక్కువ. కొందరు ఫోనులో వచ్చిన వీడియో చూపిస్తారు. అయస్కాంతాల పరుపు కొని, ఆ రసీదు కూడా రోగి ఫైలులోనే పెట్టుకుని వచ్చినవారూ ఉన్నారు.

ఈ ప్రశ్నను నవ్వి తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. అందులో సగం నిజం ఉంది. కాని మిగిలిన సగాన్ని నమ్మి, రెండు మూడు కోర్సులు మానేసి, గడ్డ పెరిగాక వస్తే అప్పుడు డాక్టరు గారు చేయగలిగింది తగ్గిపోతుంది. అందుచేత ఈ సంచికలో ఆ నిజం ఎంతవరకో, అది ఎక్కడ ఆగిందో మాకు తెలిసినంతలో వివరంగా చెప్పదలచుకున్నాము.

భీమవరంలో పుట్టిన వైద్యుని మందు

ఈ కథ మన ఊరి నుంచే మొదలుపెట్టవచ్చు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలోను, తరువాత మద్రాసులోను చదివారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషను థియేటరుకు వెళ్ళారట. ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు మాత్రమే చేతికి వచ్చింది. ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలోనే చనిపోయారు. ఆగని విరేచనాలు, ఒంట్లో రక్తం తగ్గిపోవడం ఆ జబ్బు లక్షణాలు.

సుబ్బారావు గారు 1922లో అమెరికాలోని బోస్టను నగరం చేరి హార్వర్డులో పనిచేశారు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు అదే మందైంది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన దగ్గర పనిచేసిన బృందం ఇచ్చినదే. ఆ మాత్రలు మింగిన మన జిల్లావాళ్ళలో ఈ సంగతి తెలిసినవారు ఎందరో!

ఫోలిక్ యాసిడ్ అంటే మన తల్లులకు కొత్త కాదు. గర్భిణీ స్త్రీలకు ఇచ్చే ఎర్రటి మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే. కణం రెండుగా చీలి పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. కడుపులో బిడ్డకైనా అంతే, క్యాన్సరు గడ్డకైనా అంతే. కనుక అచ్చం ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించి, పని మాత్రం చేయని పదార్థం ఇస్తే ఏమవుతుంది? దొంగ తాళంచెవి తాళంలో దూరి ఇరుక్కుపోయినట్టు అవుతుంది. ఇక అసలు చెవి దూరదు, కణం పెరగదు. ఈ ఆలోచనతో సుబ్బారావు గారి బృందం తయారుచేసిన మందులే అమినోప్టెరిన్, ఆ వెంటనే వచ్చిన మెథోట్రెక్సేట్.

1948లో బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలు 16 మందికి అమినోప్టెరిన్ ఇచ్చిన ఫలితాలు ప్రకటించారు. 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటివరకు ఆ పిల్లలకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. 53 ఏళ్ళే. 1956లో ముత్యాల గర్భం తరువాత వచ్చే క్యాన్సరు మెథోట్రెక్సేటుతో పూర్తిగా నయమవుతుందని అమెరికాలోనే మరో ఇద్దరు డాక్టర్లు చూపించారు. ఇప్పటికీ పిల్లల రక్తక్యాన్సరు చికిత్సలో ఆ మందు లేనిదే పని జరగదు.

మందు మంచిదే, దారిలోనే చిక్కు

నరంలోకి ఎక్కించిన మందుకు గడ్డ ఎక్కడున్నదో తెలియదు. డెల్టాలో ఉన్నవారికి దీన్ని వేరే వివరించనక్కరలేదు. శివారున ఒక్క చేనుకు నీరు అందడంలేదని కాలువ నిండా వదిలితే దారిలోని ప్రతి చేనూ, ప్రతి చెరువూ మునుగుతాయి. శివారుకు చేరేది ఎంతో చూసుకుంటే అంతంత మాత్రమే. కీమో కూడా అలాగే ఒళ్ళంతా తిరుగుతుంది. వేగంగా పెరిగే కణాలన్నింటినీ దెబ్బతీస్తుంది. నోటిలోపలి పొర, పేగులు, జుట్టు మొదళ్ళు, ఎముక మూలగ – ఇవి క్యాన్సరు కాకపోయినా వేగంగా పెరిగేవే. నోరు పూయడం, విరేచనాలు, జుట్టు రాలడం, తెల్లకణాలు పడిపోవడం అందుకే.

దీనికి డాక్టర్లు ఇప్పటికే కొన్ని అడ్డదారులు తొక్కారు. రక్తంలోని మందు మెదడుకు సరిగా చేరదు కాబట్టి రక్తక్యాన్సరు పిల్లలకు మెథోట్రెక్సేటును వెన్నులోనుంచి ఇస్తారు. పెద్ద మోతాదు ఇచ్చినప్పుడు కొన్ని గంటల తరువాత ఫోలినిక్ యాసిడ్ ఇచ్చి మంచి కణాలను కాపాడతారు. అంటే దొంగ తాళంచెవి పని కాస్త జరిగాక అసలు తాళంచెవి అందించడం అన్నమాట. ఆ రెండో మందు టైము ప్రకారం ఇవ్వడం నర్సులమైన మాకు గడియారంతో పరీక్ష. డాక్టరు గారు రాసిన గంటకు ఇవ్వవలసిందే.

ఇక అసలు విషయానికి వద్దాం. మందును ఒక బండిలో ఎక్కించి, ఆ బండిని బయటనుంచి మనం నడపగలిగితే? ఈ ఆలోచనలోనుంచి వచ్చినవే ఇనుప ఆక్సైడు రేణువులు. తుప్పు జాతివే ఇవి కూడా. నల్లని అయస్కాంత రాయి ఉంటుంది కదా, మాగ్నెటైట్ అంటారు, దానిని అతి సూక్ష్మంగా తయారుచేస్తారు. ఒక్కో రేణువు గుండె భాగం సుమారు 10 నానోమీటర్లు. ఒక ఎర్ర రక్తకణం అడ్డం పొడవునా ఇలాంటివి 700 వరకు వరుసగా పేర్చవచ్చు. తల వెంట్రుక మందంలో అయితే వేలకు వేలు పడతాయి.

అంత చిన్నగా ఉండడంలో ఒక లాభం ఉంది. అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపే వీటికి అయస్కాంత గుణం ఉంటుంది. తీసేస్తే అదీ పోతుంది. లేకపోతే ఒకదానికొకటి అంటుకుని గుత్తులై రక్తనాళం మూసివేస్తాయి. వీటికి పైన డెక్స్‌ట్రాన్ వంటి చక్కెర జాతి పూత వేసి, ఆ పూతకు మందును అతికిస్తారు. పని అయ్యాక ఏమవుతాయి అంటారా? కాలేయం, ప్లీహం వాటిని పట్టుకుని మెల్లగా అరగదీస్తాయి. ఆ ఇనుము ఒంటి ఇనుము నిల్వలోనే కలుస్తుంది, దానితో రక్తం పడుతుంది. ఒంటికి అలవాటైన లోహం కావడమే ఇనుమును ఎంచుకోవడానికి ఒక కారణం.

2005లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మికిన్ జాంగ్ గారి బృందం ఈ ఇనుప రేణువులకు మెథోట్రెక్సేటునే అతికించింది. భీమవరంలో పుట్టినవాడి మందును కొత్త బండి ఎక్కించారన్నమాట! మరి అన్ని మందులుండగా ఇదే ఎందుకు? కొన్ని క్యాన్సరు కణాల గోడమీద ఫోలిక్ యాసిడ్‌ను లోపలికి లాక్కునే ద్వారాలు మామూలుకన్న ఎక్కువగా ఉంటాయి. మెథోట్రెక్సేట్ ఫోలిక్ యాసిడ్ వేషం వేసుకున్నదే కనుక ఆ ద్వారం దాన్ని బండితో సహా లోపలికి లాగుకుంటుంది. లోపల మందు బండి నుంచి విడిపోయి పని మొదలుపెడుతుంది. దారి చూపేదీ, దెబ్బ కొట్టేదీ ఒకటే మందు. గాజుపాత్రలలో పెంచిన రొమ్ము క్యాన్సరు కణాలు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు కణాలు ఆ రేణువులను బాగా లాక్కున్నాయి. గర్భిణీ మాత్రలోని రెండు పదార్థాలూ, ఇనుమూ ఫోలిక్ యాసిడూ, ఇక్కడ ఇంకో రూపంలో కలిశాయి. చదివినప్పుడు మాకు ముచ్చట వేసింది.

అయితే గాజుపాత్రలోని కణం వేరు, మంచం మీది మనిషి వేరు.

మనుషులలో ఏం జరిగింది

మనుషులమీద మొదటి ప్రయత్నం జర్మనీలో జరిగింది. 1996లో బెర్లిన్ నగరంలో డాక్టరు ఆండ్రియాస్ ల్యూబె, ఆయన సహచరులు బాగా ముదిరిన గడ్డలున్న 14 మందికి ఎపిరుబిసిన్ అనే కీమో మందును ఇనుప రేణువులతో కలిపి నరంలోకి ఇచ్చి, గడ్డ మీద బలమైన అయస్కాంతం ఉంచిన ఫలితాలు ప్రకటించారు. రోగులు బాగానే తట్టుకున్నారు. సుమారు సగం మందిలో రేణువులు గడ్డకు చేరాయి. కాని కొంత భాగం కాలేయంలోకి పోయింది.

ఎందుకు సగమే? రైసుమిల్లు చూసినవారికి ఇది సులభంగా తెలుస్తుంది. ధాన్యంలో కలిసిన మేకులు, ఇనుప ముక్కలు మరలోకి పోకుండా పట్టడానికి అయస్కాంతం పెడతారు. ధాన్యం దాని పక్కనుంచే జారితే మేకు అంటుకుంటుంది. జానెడు దూరంలో జారితే మేకు ధాన్యంతోనే పోతుంది. అయస్కాంతం బలం దూరంతో చాలా వేగంగా తగ్గిపోతుంది. చర్మం కిందనే ఉన్న గడ్డ దగ్గర రేణువులను ఆపవచ్చు. కడుపు లోపల, ఊపిరితిత్తి లోతున ఉన్న గడ్డకు బయటి అయస్కాంతం పట్టు అందదు. పైగా రక్తం ఆగి ఉండదు కదా, ప్రవాహంలో కొట్టుకుపోతున్న రేణువును పట్టుకోవాలి. పక్కన కాలేయం, ప్లీహం కూడా వాటికోసం కాచుకుని ఉంటాయి. ఇంకో చిక్కు, ఒకచోటినుంచి ఊపిరితిత్తులకు, ఎముకలకు, మెదడుకు పాకిపోయిన జబ్బులో అయస్కాంతం ఎక్కడని పెడతాం?

మరికొందరు మందు మోయించడం కాక, రేణువులనే వేడి చేయాలని చూశారు. ఇది పాత ఆలోచనే. 1957లోనే అమెరికాలో గిల్‌క్రిస్ట్ అనే సర్జను కుక్కల లింఫు గ్రంథులలో ఇనుప ఆక్సైడు రేణువులు పెట్టి, క్షణక్షణం దిశ మారే అయస్కాంత క్షేత్రంతో వాటిని వేడెక్కించారు. అదే పద్ధతిలో బెర్లినులో తిరగబెట్టిన మెదడు గడ్డ ఉన్న 59 మందికి గడ్డలోకే సూదితో రేణువులు ఎక్కించి వేడి చేసి, దానితో పాటు రేడియేషను కూడా ఇచ్చారు. జబ్బు తిరగబెట్టినట్టు తెలిసిన నాటినుంచి సగం మంది 13 నెలలకు పైగా బ్రతికారని 2011లో ప్రకటించారు. ఆ జబ్బుకు అది తక్కువ కాదు. అయితే పక్కన పెట్టి పోల్చడానికి ఈ వైద్యం లేని మరో గుంపు ఆ అధ్యయనంలో లేదు. యూరపులో 2010లో అనుమతి వచ్చినా, దానిని నడిపించిన కంపెనీ 2022లో దివాలా పిటిషను వేసింది.

ఇక్కడ ఒక నర్సింగు సంగతి చెప్పకుండా ఉండలేము. ఆ చికిత్సకు ముందు రోగి పళ్ళలోని లోహపు ఫిల్లింగులు, తొడుగులు తీసేయవలసి వచ్చింది, లేకపోతే అవీ కాలిపోతాయి. ఆ తరువాత ఆ చోట ఎం.ఆర్.ఐ. తీస్తే రేణువుల నీడ తప్ప ఏమీ కనబడదు, సి.టి. స్కానుతోనే సరిపెట్టుకోవాలి. వీడియోలో ఈ మాటలు చెప్పరు.

మన దేశంలో కూడా ముంబాయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం, ఐ.ఐ.టి. శాస్త్రవేత్తలు ఈ రేణువులమీద చాలాకాలంగా పనిచేస్తున్నారు. పరిశోధన ఆగలేదు. కాని అయస్కాంతంతో లాగి గడ్డకు చేర్చే కీమో మందు ఏదీ ఇంతవరకు మామూలు వైద్యంలోకి రాలేదు. భీమవరంలోనే కాదు, పెద్ద పట్నాలలోనూ లేదు.

ఆ రేణువులు ఆసుపత్రులలో మరోరకంగా ఉపయోగపడుతున్నాయి. రొమ్ము క్యాన్సరు ఆపరేషనులో జబ్బు మొదట పాకే చంక గ్రంథి ఏదో కనిపెట్టడానికి ఇనుప రేణువుల ద్రవం ఇచ్చి అయస్కాంత పరికరంతో వెదికే పద్ధతికి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడే 2009లో కిడ్నీ రోగుల రక్తహీనతకు ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప ఆక్సైడు ఇంజెక్షనుకు అనుమతి ఇచ్చారు. కొందరికి ప్రాణాపాయమైన అలర్జీ వచ్చినందున 2015లో దానిమీద గట్టి హెచ్చరిక చేర్చారు. ఇనుము అనగానే “మన ఒంట్లో ఉండేదే కదా” అనుకోరాదనడానికి ఇదొక ఉదాహరణ. 2016లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలుకలలో ఆ ఇంజెక్షను గడ్డల పెరుగుదలను తగ్గించింది. ఎలుకలలో అని మరోసారి గుర్తుచేస్తున్నాము.

మా వార్డులో గర్భిణులకు సెలైనులో కలిపి ఇచ్చే గోధుమరంగు ఐరన్ సుక్రోజు చూసి “ఇదేనా అది?” అని ఒకామె అడిగింది. అదీ చక్కెర చుట్టిన సూక్ష్మమైన ఇనుమే, కాని రక్తం పట్టడానికి తప్ప క్యాన్సరుకు కాదు. ఐరన్ మాత్రలు, గోంగూర ఎక్కువ తిని పైన అయస్కాంతం కట్టుకుంటే పని జరగదు. తిన్న ఇనుము రక్తంలో హిమోగ్లోబినుగా మారిపోతుంది. దానిని అయస్కాంతం మేకును లాగినట్టు లాగదు. “మరి ఎం.ఆర్.ఐ. మిషనులో రక్తంలో ఇనుమంతా లాగెయ్యదాండీ?” అని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్న. ఆ మిషను అయస్కాంతం పరుపులోని అయస్కాంతాలకన్న ఎన్నో రెట్లు బలమైనది. అందులో అరగంట పడుకున్నా రక్తానికి ఏమీ కాదు, క్యాన్సరూ తగ్గదు. అలాంటప్పుడు పరుపు ఏం తగ్గిస్తుంది? గుండెకు పేస్‌మేకరు ఉన్నవారైతే అలాంటి పరుపులు, బెల్టులు ఒంటికి దగ్గరగా పెట్టుకోనే కూడదు. పేస్‌మేకరు పని తీరు మారవచ్చు.

నానో అన్న మాట మొత్తం అబద్ధం అని కూడా మేము అనడంలేదు. కొవ్వు బుడగలో పెట్టిన డాక్సోరుబిసిన్ 1995 నుంచి, ఆల్బుమిన్ ప్రొటీనుకు చుట్టిన పాక్లిటాక్సెల్ 2005 నుంచి వాడుకలో ఉన్నాయి. ఇవి నానో మందులే, అయస్కాంతంతో పనిలేనివి. మీ క్యాన్సరుకు అవి పనికివస్తాయో లేదో మీ డాక్టరు గారిని అడగండి.

ఇప్పుడు చేతిలో ఉన్న మందు గురించి

సుబ్బారావు గారి మెథోట్రెక్సేటునే కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు చిన్న మోతాదులో మాత్రలుగా ఇస్తారు. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. రోజూ వేసుకునే మందు కాదు! రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం పోయిన సంఘటనలు ఎన్నో దేశాలలో నమోదయ్యాయి. డాక్టరు గారు చెప్పిన వారం పేరు, ఉదాహరణకు “బుధవారం” అని, మాత్రల అట్టమీదనే పెన్నుతో రాయండి. చదువురాని పెద్దవారు ఇంట్లో ఉంటే ఆ అట్ట వేరొకరి చేతిలో ఉండాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఏ రోజున వేయాలో కూడా అడిగి తెలుసుకోండి. జ్వరానికో, మూత్రంలో మంటకో సెప్ట్రాన్ వంటి మాత్ర మందులషాపులో అడిగి కొనుక్కోవద్దు, ఈ రెండూ కలిస్తే ప్రమాదం. గర్భం రావచ్చుననుకున్న స్త్రీలు ముందే చెప్పాలి.

కీమో జరుగుతున్నవారికి జ్వరం 100.4 దాటితే అది మామూలు జ్వరం కాదు. రాత్రి పన్నెండైనా తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి రావాలి. నోరు పూసినప్పుడు మెత్తని బ్రష్షు, గోరువెచ్చని ఉప్పునీళ్ళు వాడండి. కారం, ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టండి, కష్టమే అయినా. డబ్బు చాలక కీమో ఆపేవారు ముందుగా 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం గురించి విచారించండి. పరుపు కొన్న డబ్బుతో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్ళి రావచ్చునో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

ఎవరైనా “కొత్త పరిశోధన, మీకు చేస్తాం” అని పిలిస్తే ఒక గుర్తు చెబుతాము. మన దేశంలో మనుషులపై చేసే మందుల పరీక్ష ఏదైనా సి.టి.ఆర్.ఐ. అనే ప్రభుత్వ రిజిస్టరులో నమోదు కావాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. ఆ నంబరు అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నదా అని అడగండి. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. సమ్మతి పత్రం మీకు వచ్చిన భాషలోనే, అంటే తెలుగులో, చదివి వినిపించాలి, ఇంటికి తీసుకువెళ్ళి ఆలోచించుకునే సమయం ఇవ్వాలి. సంతకం పెట్టకముందు ఆ కాగితం మా దగ్గరకు తీసుకురండి. ఉదయం డ్రెస్సింగులు అయ్యాక, పదకొండు దాటితే, మాలో ఎవరో ఒకరు కూర్చుని మీతో పాటు చదువుతారు.